ఎంటీబీ బరువు తగ్గించాలంటే: రోడ్ బైక్ సామాన్లలో ఏవి పడతాయి, ఏవి పడవు

మన జిల్లాల్లో గేరు సైకిల్ కొనేవాళ్ళు ఎక్కువగా ఎంటీబీ (మౌంటెన్ బైక్) వైపే మొగ్గుతారు. ముందు షాకప్, లావు టైర్లు, మూడు చైన్‌వీళ్ళు, గుంతల రోడ్డుకైనా తట్టుకుంటుందన్న ధీమా. తీరా కొన్నాక తొక్కేది చాలావరకు తారు రోడ్డు మీదే. నల్గొండ నుంచి దేవరకొండ వైపో, మహబూబ్‌నగర్ నుంచి కోయిల్‌కొండ వైపో పొద్దున్నే బయల్దేరితే, మొరం రోడ్డో కాల్వ కట్టో తగిలేది చివరి రెండు మూడు కిలోమీటర్లే. ఎదురుగాలిలో ఆ బరువు లాగీ లాగీ విసుగొచ్చినప్పుడు, దీనికి రోడ్ బైక్ సామాన్లు బిగిస్తే తేలికవుతుంది కదా అనిపిస్తుంది.

అవుతుంది. కాకపోతే కొన్ని సామాన్లు చక్కగా కుదురుతాయి, కొన్ని అసలు పట్టవు. ఇంకొన్ని పట్టినట్టే పట్టి ప్రమాదం తెచ్చిపెడతాయి. నేను చెప్పే వరస ఇది: ముందు టైర్లు, ట్యూబులు. తర్వాత క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల కట్ట), సీటు. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) జోలికి పోయే ముందు టేపు పట్టి కొలవాలి. బ్రేకుల్లో రోడ్ సామాను కలపనే కూడదు.

ముందు కాంటా, తర్వాత టేపు

ఏదీ కొనకముందే సైకిల్‌ను తూచండి. లగేజీ తూచే చిన్న కొక్కెం కాంటా చాలు. విప్పిన ప్రతి పాత సామానును వంటింటి డిజిటల్ కాంటా మీద పెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. పాతదాని బరువు తెలియకుండా కొత్తది కొంటే ఎంత తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

బరువు తగ్గితే ఎంత లాభమో కూడా ముందే లెక్కేసుకోవాలి. మీరు 75 కిలోలు, సైకిల్ 14 కిలోలు, నీళ్ళు 2 లీటర్లు అనుకుందాం. మొత్తం 91 కిలోలు. కిలోన్నర తగ్గిస్తే అందులో తగ్గింది నూటికి 1.6 వంతే. ఎత్తు ఎక్కేటప్పుడు దాదాపు అంతే మేర సమయం కలిసొస్తుంది. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆ మాత్రం కూడా తెలియదు. చదునులో మన శక్తిని తినేసేది గాలి, ఆ తర్వాత టైరు. లావు గుబ్బల టైరు తారు మీద నలుగుతూ దొర్లుతుంది కాబట్టి ప్రతి కిలోమీటరుకూ కొంత శక్తి వృథా అవుతుంది. నున్నటి సన్న టైరు వేస్తే బరువూ తగ్గుతుంది, ఆ వృథా కూడా తగ్గుతుంది. డబ్బు మొదట టైర్ల మీదే పెట్టమని చెప్పేది అందుకే.

ఇక కొలతలు. టైరు పక్క గోడ మీద 54-622 లాంటి అంకెలు ఉంటాయి. రెండో అంకె రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. 26 అంగుళాల ఎంటీబీకి అది 559, 27.5కు 584, 29కి 622. రోడ్ బైక్ 700సి కూడా 622నే. అంటే మీది 29 అయితే 700సి టైర్లు నేరుగా కూర్చుంటాయి. 27.5 అయితే 650బి పేరుతో వచ్చే రోడ్, గ్రావెల్ టైర్లు పడతాయి. 26 అయితే రోడ్ టైరు పట్టదు గానీ, 26x1.5 సైజులో నున్నటి టైర్లు దొరుకుతాయి. దాదాపు అదే ఫలితం.

వెనక చక్రం విప్పి, ఫ్రేములో ఇరుసు కూర్చునే రెండు లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. మామూలు క్విక్ రిలీజ్ (చిన్న లీవరుతో విప్పే ఇరుసు) ఎంటీబీకి 135 మి.మీ. ఉంటుంది. రిమ్ బ్రేకులున్న రోడ్ బైక్‌కు 130. ఈ 5 మి.మీ. తేడా వల్లే స్నేహితుడి దగ్గరున్న పాత రోడ్ చక్రం మీ ఎంటీబీకి పనికిరాదు. ఫ్రేమును వంచి బిగించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అల్యూమినియం ఫ్రేమును అలా వంచకూడదు, చీలుతుంది. కొత్త ఎంటీబీల్లో 148 మి.మీ. బూస్ట్ ఇరుసు ఉంటుంది, దానికి రోడ్ చక్రం పట్టదు.

చక్రం చేతిలో ఉండగానే ఇంకొకటి చూడండి. పళ్ళ చక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టే గాడులు కూడా వాటితో పాటే తిరిగితే అది క్యాసెట్. గాడులు కదలకుండా పళ్ళు మాత్రమే తిరిగితే మరతో బిగించిన ఫ్రీవీల్. 7 గేర్ల బడ్జెట్ సైకిళ్ళలో ఎక్కువగా ఫ్రీవీలే ఉంటుంది. అలాగైతే కింద క్యాసెట్ గురించి చెప్పినదంతా మీకు అక్కర్లేదు, టైర్లతో ఆగిపోండి.

టైర్లు, ట్యూబులు

29 సైజులో తీగ అంచు ఉన్న గుబ్బల టైరు ఒక్కోటి 750 నుంచి 900 గ్రాముల దాకా తూగుతుంది. 700x38 ఫోల్డింగ్ (మడిచే రకం) టైరు 400 నుంచి 500 మధ్య ఉంటుంది. ట్యూబు 200 గ్రాముల నుంచి 140కి దిగుతుంది. రెండు చక్రాలకూ కలిపి 600 గ్రాములకు తక్కువ కాకుండా పోతుంది. మిగతా సామాన్లు ఎన్ని మార్చినా ఇంత సులువుగా ఇంత బరువు దిగదు.

ఎంత సన్నగా వెళ్ళాలి? రేసు బైకుల్లా 25, 28 వేసుకోవాలని కుర్రాళ్ళకు ఉబలాటం. మన రోడ్లకు 35 నుంచి 40 మధ్య సరైనదని నా గట్టి అభిప్రాయం. కారణాలు రోడ్డు మీదే కనిపిస్తాయి. వరి కోతల సమయంలో, అంటే అక్టోబరు–నవంబరులోనూ మళ్ళీ ఏప్రిల్–మేలోనూ, మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోస్తారు. వాటి చుట్టూ అంచు కట్టినట్టు రాళ్ళు పెడతారు. ఎదురుగా లారీ వస్తే మీరు ఆ రాళ్ళ పక్క నుంచో, జారే వడ్ల మీద నుంచో పోవాలి. 25 మి.మీ. టైరు ఆ రాయి మీద పడితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు కోతలు పడుతుంది. 38 అయితే తట్టుకుంటుంది. పైగా ఎంటీబీ రిమ్ము లోపలి వెడల్పు సాధారణంగా 19 మి.మీ. పైనే ఉంటుంది, మరీ సన్న టైరు దాని మీద సరిగా కూర్చోదు.

రెండో కారణం ముళ్ళు. పాలమూరు ఎర్ర నేలల్లో పల్లేరు కాయలు రోడ్డు అంచుదాకా పాకి ఉంటాయి. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిల్‌ను పక్కకు దించి చెట్టు కింద నిలబెట్టి నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కేలోపు టైరులో నాలుగైదు దిగి ఉంటాయి. ఇవి చాలవన్నట్టు, కంచెల కోసం కొట్టిన తుమ్మ కంపను ట్రాక్టర్ల మీద తీసుకెళ్తుంటే ముళ్ళ కొమ్మలు రోడ్డు మీద రాలుతుంటాయి. అందుకని అన్నిటికన్నా తేలిక టైరు కొనొద్దు. తొక్కు కింద పంక్చర్ రక్షణ పొర ఉన్న టైరు 80, 100 గ్రాములు ఎక్కువున్నా అదే కొనండి. ఆ బరువు వృథా కాదు. ఆగినప్పుడల్లా చెయ్యి తడిపి టైరు మీద ఒకసారి నిమిరి ముళ్ళు తీసేయడం అలవాటు చేసుకోండి. ముల్లు గుచ్చుకున్న వెంటనే ట్యూబు దాకా చేరదు, నాలుగు చుట్లు తిరిగాకే లోపలికి దిగుతుంది.

ట్యూబు కొనేటప్పుడు దాని మీదున్న సైజు మీ టైరు వెడల్పును కలుపుకునేలా చూడండి. 38 టైరుకు 35–43 ట్యూబు. గ్రాములు మిగులుతాయని 25 ట్యూబును సాగదీసి వేస్తే పల్చబడి చిన్న ముల్లుకే పోతుంది. ఈ మధ్య ప్లాస్టిక్‌లా ఉండే టీపీయూ ట్యూబులు వస్తున్నాయి, చాలా తేలిక. అయితే వాటికి మామూలు రబ్బరు ప్యాచ్, సొల్యూషన్ అంటవు. దారిలో పంక్చరైతే ఊళ్ళో షాపతను ఏమీ చేయలేడు. రెండో ట్యూబు జేబులో ఉంటేనే వాటితో బయల్దేరండి.

వాల్వు సంగతి మరవొద్దు. రోడ్ ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, 6 మి.మీ. రంధ్రం చాలు. ఎంటీబీ రిమ్ముకు మోటార్ సైకిల్ రకం వాల్వు కోసం 8.5 మి.మీ. రంధ్రం ఉంటుంది. ప్రెస్టా ట్యూబును అలాగే వేస్తే వాల్వు రంధ్రంలో ఊగి మొదలు దగ్గర చిరుగుతుంది. రబ్బరు లేదా అల్యూమినియం బుష్ వేయండి. లేదంటే అదే సైజులో మోటార్ సైకిల్ రకం వాల్వున్న ట్యూబు అడగండి. పెట్రోల్ బంకులోనూ పంక్చర్ షాపులోనూ ప్రెస్టాకు గాలి పట్టదు కాబట్టి చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు సంచీలో ఎప్పుడూ ఉండాలి.

75 కిలోల మనిషికి 38 టైరులో వెనక 55–60 పిఎస్ఐ, ముందు దానికి ఐదారు తక్కువ పెట్టి మొదలుపెట్టండి. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠాన్ని దాటకండి. మన ఎండలకు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: 25 డిగ్రీల్లో 60 పిఎస్ఐ కొట్టిన గాలి 45 డిగ్రీలకు చేరితే దాదాపు 5 పిఎస్ఐ పెరుగుతుంది. గరిష్ఠం దాకా నింపి మే నెల మధ్యాహ్నం ఎండలో సైకిల్ నిలబెట్టకండి.

టైరు మార్చాక రెండు విషయాలు. 54 నుంచి 38కి దిగితే సైకిల్ మొత్తం 16 మి.మీ. మేర కిందికి వస్తుంది, కాబట్టి మలుపులో లోపలి పెడల్‌ను పైకే ఉంచండి. తీగతో పనిచేసే స్పీడోమీటర్ ఉంటే చుట్టుకొలత మార్చండి. 29x2.1కు 2288, 700x38కి 2180. మార్చకపోతే మీరు 95 తొక్కితే అది వంద చూపిస్తుంది.

క్యాసెట్

షిమానో (సైకిల్ సామాన్ల కంపెనీ) పద్ధతి 8, 9, 10 గేర్ల హబ్బుల్లో (చక్రం నడిమి భాగాల్లో) రోడ్, ఎంటీబీ క్యాసెట్లు ఒకే బాడీ మీద కూర్చుంటాయి. మీకు ఎన్ని గేర్లుంటే అన్ని గేర్ల రోడ్ క్యాసెట్టే కొనాలి, 9కి 9. 10 గేర్ల రోడ్ క్యాసెట్లలో కొన్నిటికి వెనక 1 మి.మీ. స్పేసర్ కావాలి. 11 గేర్ల రోడ్ క్యాసెట్ మాత్రం 1.85 మి.మీ. పొడుగు బాడీ అడుగుతుంది. అందులో 11-34 లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎంటీబీ హబ్బు మీద పట్టదు.

ఇక్కడ లాభం వంద గ్రాముల లోపే. అయినా నాకు క్యాసెట్ మార్పు ఇష్టం. 9 గేర్ల ఎంటీబీ క్యాసెట్ పళ్ళు చూడండి: 11, 13, 15, 17, 20, 23, 26, 30, 34. రోడ్ 12-25 ఇలా ఉంటుంది: 12, 13, 14, 15, 17, 19, 21, 23, 25. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద ఎదురుగాలి తగిలినప్పుడు 13 పళ్ళు బరువనిపిస్తే ఎంటీబీలో నేరుగా 15కు పోవాలి, 17 చాలకపోతే 20కి. కాళ్ళ లయ దెబ్బతింటుంది. ఎక్కువగా వాడే గేర్లు రోడ్ క్యాసెట్‌లో దగ్గర దగ్గరగా ఉంటాయి.

ఎత్తులు ఎక్కలేమేమో అన్న భయం మూడు చైన్‌వీళ్ళున్న సైకిల్‌కు అక్కర్లేదు. ముందు 22, వెనక 25 అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం 0.88 చుట్టు తిరుగుతుంది. రోడ్ బైకుల్లో మామూలుగా ఉండే 34/28కి అది 1.21. మీ గేరు ఇంకా తేలికే. ముందు ఒకే చైన్‌వీల్ ఉన్న సైకిల్‌కు మాత్రం ఈ పని చేయకండి, గుట్ట దగ్గర దిగి నడవాల్సి వస్తుంది.

చైన్ పొడవు తప్పకుండా సరిచూడాలి. డిరెయిలర్‌లో (గేరు మార్చేటప్పుడు చైన్‌ను జరిపే భాగంలో) దూర్చకుండా, చైన్‌ను ముందు పెద్ద చైన్‌వీల్, వెనక పెద్ద పళ్ళ చక్రం చుట్టూ వేయండి. రెండు కొసలు కలిసిన చోటికి 2 లింకులు అదనంగా ఉంచి మిగతావి తీసేయండి. అదే సమయంలో స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి. సరిగ్గా 12 అంగుళాలుండాలి. 12 మీద 1/16 సాగితే చైన్ మార్చాలి. అరిగిన చైన్‌ను కొత్త క్యాసెట్ మీద వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. తర్వాత డిరెయిలర్ వెనకున్న బి-స్క్రూ తిప్పి, పై చిన్న చక్రానికీ పెద్ద పళ్ళ చక్రానికీ మధ్య 5, 6 మి.మీ. సందు ఉంచండి.

డిరెయిలర్ పాతదే ఉండనివ్వండి. పొట్టి కాడ రోడ్ డిరెయిలర్ వేస్తే తగ్గే గ్రాములు తక్కువ, మూడు చైన్‌వీళ్ళ వదులు చైన్‌ను అది పట్టి ఉంచలేదు. 42-32-22 చైన్‌వీళ్ళతో 12-25 క్యాసెట్ అంటే ముందు తేడా 20, వెనక తేడా 13, కలిపి 33 పళ్ళు. పొట్టి కాడ పట్టేది 29 దాకానే. 10 గేర్లలోనైతే ఎంటీబీ, రోడ్ షిఫ్టర్లు లాగే తీగ కొలతే వేరు, గేర్లు కుదరవు.

క్రాంక్ అక్కర్లేదు

క్రాంక్ అంటే పెడళ్ళు బిగించే చేతులు, చైన్‌వీళ్ళ సెట్టు. దానికి 50 పళ్ళ రోడ్ చైన్‌వీల్ వేస్తే వేగం వస్తుందనుకుంటారు. 42/12 గేరులో నిమిషానికి 90 చుట్లు తొక్కితే 700x38 టైరుతో గంటకు 41 కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించి చదునులో ఎంతసేపు తొక్కగలరో మీరే చూసుకోండి. పైగా ఎంటీబీ చైన్‌స్టే (క్రాంక్ నుంచి వెనక ఇరుసు దాకా పోయే ఫ్రేము గొట్టం) వెడల్పుగా ఉంటుంది, పెద్ద చైన్‌వీల్ దానికి తగులుతుంది. చైన్ గీత, అంటే ఫ్రేము మధ్య నుంచి చైన్‌వీళ్ళకున్న దూరం, కూడా తప్పుతుంది. రోడ్‌లో 43.5 మి.మీ. ఉంటే ఎంటీబీలో 47 నుంచి 50 దాకా.

ఫోర్కు దగ్గర ఆగండి

బడ్జెట్ షాకప్ ఫోర్కు రెండున్నర కిలోల దాకా ఉంటుంది. సైకిల్‌లో పెద్ద బరువు అదే, అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. రోడ్ ఫోర్కు తేలిక కదా, రెండిటి స్టీరర్ (ఫోర్కు పై గొట్టం) కూడా 28.6 మి.మీ. కదా అని బిగించేవాళ్ళున్నారు. చేయొద్దు. ఇరుసు మధ్య నుంచి ఫోర్కు పై భుజం దాకా కొలిస్తే 29 సైకిల్ 100 మి.మీ. షాకప్‌కు 500 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. రోడ్ ఫోర్కుకు 370 నుంచి 395. ముందు భాగం వంద మి.మీ. పైన కుంగిపోతుంది. ప్రతి 20 మి.మీ.కు హెడ్ కోణం (స్టీరర్ వాలు) సుమారు ఒక డిగ్రీ నిటారవుతుంది, అంటే ఐదు డిగ్రీలు. హ్యాండిల్ తూలుతుంది, పెడళ్ళు నేలకు తగులుతాయి. దిగుడులో ముందు బ్రేకు పడితే మనిషి ముందుకు పడతాడు.

ఫోర్కు మార్చాలనే ఉంటే షాకప్ ఎత్తుకు సరిపోయేలా తయారుచేసిన ఎంటీబీ రిజిడ్ (షాకప్ లేని) ఫోర్కు అడగండి. మీ షాకప్ కొలతలోంచి, మీరు ఎక్కి కూర్చున్నప్పుడు కుంగే 20, 25 మి.మీ. తీసేసి ఆ అంకెకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. స్టీలుది వేసినా కిలోకు పైగా తగ్గుతుంది. డిస్క్ బ్రేకు బిగించే చోటు ఉందో లేదో, ఇరుసు రకం కలుస్తుందో లేదో డబ్బు కట్టే ముందే చూడాలి.

బ్రేకులు

వి-బ్రేక్‌కు (రెండు పొడుగు చేతులతో రిమ్మును పట్టే ఎంటీబీ బ్రేకు) లీవర్ ఎక్కువ తీగ లాగాలి, రోడ్ క్యాలిపర్‌కు (రోడ్ బైక్ రిమ్ బ్రేకు) తక్కువ చాలు. రోడ్ లీవర్‌ను వి-బ్రేక్‌కు కలిపితే లీవర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చినా రబ్బర్లు రిమ్మును పూర్తిగా పట్టవు. ఎంటీబీ లీవర్‌ను రోడ్ క్యాలిపర్‌కు కలిపితే లీవర్ గట్టిగా ఉంటుంది, బలం మాత్రం రిమ్ము దాకా చేరదు. తీగతో పనిచేసే డిస్క్ క్యాలిపర్లలోనూ రోడ్, ఎంటీబీ రకాలు వేరు. శ్రీశైలం దారిలో దోమలపెంట, ఈగలపెంట దాటాక కృష్ణ ఒడ్డుకు దిగే ఘాట్ మలుపులు తలుచుకోండి. అక్కడ వంద గ్రాముల లెక్క పనికిరాదు. ఉన్న బ్రేకుకే కొత్త తీగలు, కొత్త రబ్బర్లు వేయండి.

డ్రాప్ హ్యాండిల్ (కొమ్ముల్లా కిందికి వంగిన రోడ్ హ్యాండిల్) కోరిక కూడా ఇక్కడే ఆగిపోతుంది. ఎంటీబీ హ్యాండిల్ పట్టు దగ్గర 22.2 మి.మీ., డ్రాప్ హ్యాండిల్ 23.8. మీ లీవర్లు, షిఫ్టర్లు ఎక్కవు. అన్నీ మార్చాలంటే ఆ డబ్బుకు పాత రోడ్ బైకే దొరకొచ్చు.

చిన్న సామాన్లు

సీటు మార్చడం సులువు, కింది పట్టాలు దాదాపు అన్నిటికీ 7 మి.మీ.నే. జెల్ సీటు 450 గ్రాములుంటే రోడ్ సీటు 250–300. పెడళ్ళ మర రెండిటికీ 9/16 అంగుళాలే. ఎడమ పెడల్ ఎదురు మర అని గుర్తుంచుకోండి. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) కొనేటప్పుడు మీ హ్యాండిల్ మధ్య వ్యాసం 25.4నా 31.8నా కొలవండి. సీటు పోస్టు 27.2, 30.9, 31.6 ఇలా రకరకాలుగా ఉంటుంది. పాత పోస్టు కింది భాగంలో రాసి ఉంటుంది, అదే కొనండి.

26 సైకిల్‌కు 700సి చక్రాలు

డిస్క్ బ్రేకులున్న 26 ఎంటీబీ ఉన్నవాళ్ళకు ఇదొక మంచి మార్గం. 26x2.1 టైరు బయటి వ్యాసం సుమారు 666 మి.మీ., 700x28ది 678. దాదాపు సమానం కాబట్టి చాలా ఫ్రేముల్లో 700సి చక్రం తిరుగుతుంది. డిస్క్ బ్రేకుకు రిమ్ముతో పని లేదు. హబ్బు 135 క్విక్ రిలీజ్, డిస్క్ బిగించే రకం అయి ఉండాలి. వి-బ్రేకులైతే కుదరదు, రబ్బర్లు 559 రిమ్ము ఎత్తులోనే ఉంటాయి. ఇందులో 28, మహా అయితే 32 టైరే పడుతుంది. జాతీయ రహదారి మీదే తొక్కేవాళ్ళకు సరే. చల్కల మధ్య ఊళ్ళ దారులు తొక్కేవాళ్ళు 26x1.5 టైర్లతోనే సుఖపడతారు.

అన్నీ బిగించాక మొదటి రోజే దూరం పోకండి. పిల్లలమర్రి దాకానో, పానగల్లు దాకానో పోయి వచ్చి స్టెమ్ బోల్టులు, సీటు క్లాంపు, క్రాంక్ బోల్టులు, పెడళ్ళు మళ్ళీ ఒకసారి బిగించండి. పెద్ద పళ్ళ చక్రం మీద చైన్ ఉన్నప్పుడు డిరెయిలర్ స్పోకులకు తగులుతోందేమో వెనక నుంచి కూర్చుని చూడండి. పాత గుబ్బల టైర్లు పారేయొద్దు. జులైలో వానలు పట్టాక కాల్వ కట్టల మీద, నల్లరేగడి దారుల్లో నున్నటి టైరు పట్టు దొరక్క జారుతుంది. అప్పుడు పాత టైర్లు మళ్ళీ ఎక్కించి, దసరా తర్వాత నేల ఆరాక మార్చుకోండి. విప్పిన టైర్లను మడతపెట్టకుండా, ఎండ తగలని గోడకు తగిలించి ఉంచండి.